నర్మదకు రెండు పుట్టిన తేదీలు

పొద్దున షట్టరు ఎత్తగానే నర్మద ముందు చూసేది కంప్యూటర్ కాదు, పెన్నులు. బల్ల అంచున దారాలతో కట్టిన ఐదు పెన్నులు వేలాడుతుంటాయి. ఒక్కోదానితో చిత్తుకాగితం మీద 'శ్రీ' అని రాసి చూసేది. గీత తెగితే రీఫిల్ మార్చేది. ఫారం నడుమ పెన్ను ఆగిపోతే మనిషి పరేషాన్ అవుతాడని ఆమె నమ్మకం. వానాకాలమైనా, ఒంట్లో బాగాలేకపోయినా ఎనిమిదేళ్లుగా ఈ పని మానలేదు.

ఆ షాపు అశోక్ నగర్‌లో, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఉండే హాస్టళ్ల మధ్య ఉంది. జిరాక్సులు తీస్తారు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతారు. యజమాని రాఘవేందర్ మిషన్ దగ్గర, నర్మద కంప్యూటర్ దగ్గర కూర్చుంటారు. ఆమె నింపిన దరఖాస్తు తప్పని తిరిగొచ్చిన రోజు మేమెవరమూ చూడలేదు. మా చిక్కడపల్లి వాళ్లం పింఛను కాగితానికైనా, కులం సర్టిఫికెట్‌కైనా అక్కడికే పోతాం. పుట్టిన తేదీ దగ్గర ఎవరైనా తడబడితే ఆమె చెప్పే మాట ఒక్కటే.

"పదో తరగతి మెమోల ఏముంటే గదే వెయ్యాలె అన్నా. నిజం ఇంటి కాడ పెట్టి రా."

వాళ్లది మహబూబ్‌నగర్ వైపు ఊరు. తండ్రి కురుమయ్య సెంట్రింగ్ పని చేస్తాడు. తల్లి కురుమమ్మ చాలా ఏళ్లు తట్ట మోసి, మోకాళ్లు మొరాయించాక అశోక్ నగర్‌లోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. చిక్కడపల్లి బస్తీలో రెండు గదుల ఇల్లు. నర్మద నారాయణగూడలో డిగ్రీ చదివింది. తమ్ముణ్ని ఐటీఐ చదివించింది. వాడికి ఉద్యోగం వచ్చి సంగారెడ్డి పోయాక, ఇప్పుడు తన కోసం ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

ఆ సంగతి తేల్చింది సంజన అనే హాస్టల్ పిల్ల. ఆస్ట్రేలియాకు వర్కింగ్ హాలిడే వీసా కోసం లాటరీ వేయాలని వచ్చింది. ఏడాది పాటు అక్కడ ఉండవచ్చు, తిరగవచ్చు, ఖర్చులకు పని చేసుకోవచ్చు. లాటరీలో పేరు తగిలినవాళ్లే, అదీ ముప్పై ఒకటి నిండేలోపు దరఖాస్తు పెట్టాలి. సంజన పేరు ఎక్కించాక నర్మద ఆ స్క్రీన్ మూయకుండా చూస్తూ కూర్చుంది.

"నువ్వు గూడ వెయ్యి అక్కా. అందరియి నింపుతనే ఉంటవు, నీది ఒక్కటన్న నింపినవా?" అంది సంజన.

నర్మద వేసింది. మే పదకొండున సంజనకు రాలేదు, నర్మదకు వచ్చింది. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకోకుండా పావుకిలో మైసూర్‌పాక్ తెచ్చి బల్ల మీద పెట్టి, "నా లక్కు గూడ నువ్వే తీస్కపో" అని నవ్వింది. అలాంటి మనసు భగవంతుడు కొందరికే ఇస్తాడు.

రాఘవేందర్‌కు మాత్రం ఆ వీసా పేరే అర్థం కాలేదు.

"మన పాలమూరోళ్లు బొంబాయి పోయిండ్రు, పూణె పోయిండ్రు, దుబాయ్ పోయిండ్రు. గా పోయినోళ్లల్ల ఒక్కడన్న సెలవుకు పోతున్న అన్నడా? నువ్వే ఫస్టు."

"నవ్వకు అన్నా. జర గా స్కానర్ నాకు ఒక గంట ఇడువు."

"గంటేంది, రోజంతా తీస్కో. నీ తర్వాత నాకు మనిషి యాడ దొరుకుతడో గది చెప్పు ముందు."

అన్నాడే గాని, ఆ వారమంతా తనే కంప్యూటర్ ముందు కూర్చుని తప్పులతడకగా ఫారాలు నింపి, ఆమెను వీసా కాగితాల పని మీద తిరగనిచ్చాడు.

ఇంట్లో కురుమమ్మ అడిగింది ఇంకో రకంగా.

"పనికి పోతున్నవా, సెలవుకు పోతున్నవా? ఏదో ఒకటి చెప్పు బిడ్డా."

"రెండూ అమ్మా. కొన్ని దినాలు పండ్ల తోటల పని చేస్త, కొన్ని దినాలు తిరుగుత."

"పని ఇడిచిపెట్టి తిరుగుడేంది?"

"గదే సెలవంటే."

"నాకైతే సెలవంటే జరమొచ్చిన దినమే," అంది కురుమమ్మ. కాని ఆ రాత్రి పొయ్యి దగ్గర మొగుడితో "పోనియ్, చూసి రానియ్" అనడం నర్మద విన్నది.

లాటరీ తగిలినవాళ్లకు ఇరవై ఎనిమిది రోజుల గడువు. నర్మదకు అంత లేదు. పాస్‌పోర్టు ప్రకారం జూన్ ఐదున ఆమెకు ముప్పై ఒకటి నిండుతుంది. అంటే జూన్ నాలుగులోగా దరఖాస్తు వెళ్లాలి. ఆ తరువాత ఈ వీసాకు ఆమె జన్మలో పనికిరాదు. ఇరవై నాలుగు రోజులు. ఇతరులకైతే ఈ పనంతా ఆమె వారంలో చేసిపెట్టేది.

డిగ్రీ మెమోలు స్కాన్ అయ్యాయి. బ్యాంకు కాగితం వచ్చింది. నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క స్టూడియోలో ఫొటో మూడుసార్లు దిగాల్సి వచ్చింది. మొదటిసారి చెవులు కనబడలేదన్నారు, రెండోసారి వెనక నీడ పడిందన్నారు. మూడోసారి స్టూడియో ఆయన తన దువ్వెన తీసిచ్చి, "ఈసారి గూడ వద్దంటే నేనే పోయి కొట్లాడుత" అన్నాడు. అది చెల్లింది. మిగిలింది కేసులేమీ లేవనే పోలీసు క్లియరెన్స్. దానికి పాస్‌పోర్టు ఆఫీసులో మే ఇరవైన స్లాట్ దొరికింది.

అక్కడ కౌంటర్‌లో ఉన్నాయన ముందు పాస్‌పోర్టు చూశాడు, తరువాత ఆధార్ చూశాడు. మళ్లీ పాస్‌పోర్టు చూశాడు.

"ఇండ్ల జూన్ ఐదు. ఇండ్ల అక్టోబర్ ముప్పై. ఏది కరెక్టమ్మా?"

"అక్టోబర్‌ది నిజం సార్. జూన్‌ది మెమోల ఉన్నది."

"నిజంతోని మాకు పని లేదు. రెండూ ఒక్కటి కావాలె. ఆధార్ మార్చుకొని రా."

ఫైలు ఇటువైపు జరిగింది. వెనక మనిషి ముందుకు వచ్చేశాడు. నర్మద పక్కకు జరిగి గోడ దగ్గర నిలబడితే గార్డు తన కుర్చీ చూపించి, "కూసోమ్మా, చెమటలు పడుతున్నయ్" అన్నాడు. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే ఏడుపు వస్తుందని భయపడింది.

ఆమెకు రెండు తేదీలు ఎలా వచ్చాయో చెప్పాలి. బడిలో వేసినప్పుడు ఆమెకు ఐదేళ్లు నిండలేదు. కురుమయ్య, కురుమమ్మ మేస్త్రీ వెంట పూణె పోవాలి. బిడ్డను ముసలమ్మ దగ్గర వదిలి పోతే, బడిలో మధ్యాహ్నం కడుపు నిండుతుందని వాళ్ల ఆశ. మా పల్లెల్లో అప్పుడు వయసు చూడటానికి కాగితాలు లేవు. కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవిని పట్టుకోమనేవారు. చెవి అందితే ఐదేళ్లు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మని. నన్నూ అలాగే చేర్చుకున్నారు. నర్మదవి పొడవు చేతులు. చెవి అందింది. బాలప్ప సారు నవ్వి, బడికి వచ్చిన ఆ రోజుకే ఐదు నిండినట్టు జూన్ ఐదు అని రాసేశాడు. తప్పు చేద్దామని కాదు, ఒక పిల్ల బువ్వ తింటుందని. ఆ తేదీయే పదో తరగతి మెమోకూ, చాలా ఏళ్లకు ఆ మెమో చూపించి తీసుకున్న పాస్‌పోర్టుకూ ఎక్కింది.

కురుమమ్మకు మాత్రం తేదీ అంటే కురుమూర్తి జాతర. స్వామి ఉద్దాల ఉత్సవం నాడు, ఆ పాదరక్షలు ఊరేగుతున్న వేళ, జాతరకు బయలుదేరి దారిలో నొప్పులొచ్చి నర్మదను కన్నది. ముందు ఇద్దరు పోయాక దక్కిన బిడ్డ. ఆ యేటి పంచాంగం చూస్తే అది అక్టోబర్ ముప్పై.

ఆధార్ మొదట తీసినప్పుడు ఆపరేటర్ బస్తీలో అందరికీ వేసినట్టే జనవరి ఒకటి వేశాడు. ఆరేళ్ల కిందట ఒకరోజు కురుమమ్మ షాపుకు టిఫిన్ డబ్బా తెచ్చి, బిడ్డ ఎవరిదో ఆధార్ సరిచేయడం చూసింది.

"అందరియి దిద్దుతవు. నిన్ను స్వామి ఇచ్చిన దినం ఒక్క కాయితంల గూడ లేదు గదనే," అంది.

అప్పటికి నర్మదకు పాస్‌పోర్టు లేదు, వస్తుందన్న ఊహా లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చని ఆమె రోజుకు పదిమందికి చెబుతుంది. అయినా అమ్మ మొహం చూసి, తేదీ చెప్పింది అమ్మేనని రాయించి, గెజిటెడ్ ఆఫీసరు సంతకం తెచ్చి అక్టోబర్ ముప్పై వేయించింది. కొత్త కార్డు వచ్చాక కురుమమ్మ, కురుమూర్తి స్వామి అన్నా వెంకన్నే కనుక, దాన్ని తీసుకుపోయి చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి పాదాల దగ్గర పెట్టించింది. ఊరందరినీ ఇంటి దగ్గర పెట్టి రమ్మన్న నిజాన్ని నర్మద తన కార్డులో వేసుకుంది. ఉన్న ఒక్క అవకాశం దానికే అయిపోయింది.

రెండోసారి మార్చాలంటే ఆధార్ వాళ్ల పెద్ద ఆఫీసుకే పోవాలి. మే ఇరవై రెండున పోయింది. టోకెను తీసుకుని మూడు గంటలు కూర్చున్నాక, పాత దరఖాస్తు తెరిచి చూసిన ఉద్యోగిని చెప్పింది.

"అప్పుడు డేటు చెప్పింది మీ అమ్మ అని రాసి ఉంది. కాబట్టి తప్పు చెప్పానని ఆమెనే రాసియ్యాలి. నోటరీ చేయించి తెండి. ఇరవై ఏడు పొద్దున తొమ్మిదికి స్లాట్ ఇస్తున్నా. అది పోతే మళ్లీ జూన్ రెండో వారమే."

"నేను రాసిస్తే నడువదా మేడం? తప్పు నాది."

"మీరు చెప్పలేదు కదా అమ్మా, ఆమె చెప్పింది."

ఆ మాట తీసుకుని నర్మద నాలుగు రోజులు తల్లి ముందు నోరు విప్పలేదు. వేరే దారి కోసం వెతికింది. ఊరి బడికి ఫోన్ చేసింది. బాలప్ప సారు పోయి తొమ్మిదేళ్లయింది. రిజిస్టర్‌లో సారు రాసిందే ఉంది, ఇంకేముంటుంది అన్నారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే పాట వినిపించి కట్ అయింది. తిరిగి చేస్తే, మీ ఫిర్యాదు నమోదైంది, ముప్పై రోజుల్లో జవాబిస్తాం అన్నారు. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఎవరిదో ఫారంలో ఇంటి నంబరు తప్పు కొట్టి, ఆ ముసలాయనకు మూడుసార్లు క్షమాపణ చెప్పింది. "పోనియ్ బిడ్డా, నా ఇల్లు యాడికీ పోదు" అన్నాడాయన.

ఇరవై ఆరు మధ్యాహ్నం నారాయణగూడలో నోటరీ జగదీశ్వర్ గారి బల్ల దగ్గరికి పోయింది. చెట్టు కింద గొడుగు, పాత టైపు మిషన్, పక్కన కుండ. ఆయన ముందు నీళ్లు తాగమన్నాడు. తరువాత టైపు చేసి చదివి వినిపించాడు. 'నిరక్షరాస్యురాలనైన నేను నా కుమార్తె పుట్టిన తేదీ సరిగా జ్ఞాపకం లేక, పొరపాటున అక్టోబర్ ముప్పై అని చెప్పితిని.'

"సార్, గా జ్ఞాపకం లేక అన్నది తీసేస్తే కాదా?"

"గదే గద బిడ్డా అసలు లైను. గది లేకుంటే ఆఫీసుల తీస్కోరు."

జగదీశ్వర్ గారు కళ్లద్దాలు పైకి తోసి ఆమె మొహం చూశాడు. కాగితం మళ్లీ మిషన్‌లో పెట్టి 'నిరక్షరాస్యురాలనైన' మీద వరుసగా గుణకారం గుర్తులు కొట్టేశాడు.

"గిది అయితే అక్కర లేదు. మీయమ్మను ఆరు లోపల తీస్కరా. ఆమె నా ముంగటనే వేలిముద్ర వెయ్యాలె. ఆరు దాటినా నేను కూసుంటలే, కానీ తీస్కరా."

నర్మద ఆటో ఎక్కకుండా నడిచింది. ఎండ మండుతోంది. నడిస్తే దారిలో ఏదైనా మాట దొరుకుతుందని అనుకుంది గాని దొరకలేదు.

హాస్టల్ వంటగదిలో కురుమమ్మ నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. సాయంత్రం అరవైమందికి పప్పు. బిడ్డను చూసి మజ్జిగ గ్లాసు జరిపింది.

"చేతుల గా కాయితమేంది బిడ్డా? చదువు."

నర్మద ఆఫీసులో ఏమన్నారో చెప్పి, కాగితం చదివింది. వెల్లుల్లి ఒలిచే చేతులు ఆగాయి.

"జ్ఞాపకం లేదని ఎవరన్నరు?"

"ఎవ్వరనలే అమ్మా. అట్ల రాస్తనే తీస్కుంటరు."

"ఉద్దాలు ఎదురొస్తుండె. డప్పుల సప్పుడుకు నా కేక ఎవ్వరికి ఇనవడలే. ఎవరో గొల్లామె గొంగడి అడ్డం పట్టింది. నాకు జ్ఞాపకం లేదా?" కురుమమ్మ గొంతు పెంచలేదు. "స్వామి ఇచ్చిన దినం నేను మరిచిన అని వేలు పెడితే, ఆయన మొకం మల్ల ఎట్ల చూడాలె?"

నర్మద తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఒక వెల్లుల్లిపాయ తీసుకుని తనూ ఒలవసాగింది. గోడ గడియారంలో నాలుగుంబావు. చేతిలో ఉన్న రెబ్బ గిన్నెలో వేసి, తల్లి మోకాలి మీద చెయ్యి పెట్టింది.

"నువ్వు మరువలే అమ్మా. నాకు ఎరుకే, స్వామికీ ఎరుకే. గా ఆఫీసోళ్లకు ఒక్కళ్లకే, మరిచిపోయిన అని జర చెప్పమ్మా."