శేషన్న ఎడమకాలు

మంగంపేట ముగ్గురాయి గనుల్లో, రాయిని లారీలకెత్తే లోడర్ తోలే శేషన్నకు మనుషుల మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. లారీ డ్రైవర్లు గేర్లు విరగ్గొట్టడానికి పుట్టారనేవాడు. సూపర్‌వైజర్లు నీడ ఎటు జరిగితే అటు జరుగుతారనేవాడు. యజమానుల గురించి ఏమీ అనేవాడు కాదు. వాళ్ల పేరెత్తితే పక్కకు తిరిగి ఉమ్మేవాడు.

అతని చులకనభావానికి ఒక ఆధారం ఉంది. కొత్త ఆపరేటర్లు రాళ్లగుట్టలోకి బకెట్ గుచ్చి యాక్సిలరేటర్ అదిమేస్తారు. చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముగ్గురాయి అంచులు కత్తుల్లాంటివి, టైరును కోసి పడేస్తాయి. శేషన్న బండికి చక్రం జారేది కాదు. ఎడమకాలు బ్రేకు మీద, కుడికాలు యాక్సిలరేటర్ మీద పెట్టి రెంటినీ ఒకేసారి నడిపేవాడు. తక్కిన లోడర్లకు ఏడాది తిరక్కుండా మార్చే టైర్లు అతని లోడర్‌కు రెండేళ్లు వచ్చేవి. ఇరవై మూడేళ్లు ఆ రెండు కాళ్లతోనే బతికాడు. సొంతానికి ఉన్నది ఒక పాత మోపెడ్. కారు ఎన్నడూ తోలలేదు.

గని యజమాని తిమ్మయ్యకు భూపేష్ అని ఒక్కడే కొడుకు. బెంగుళూరులో రెండేళ్లు ఇంజనీరింగు చదివి, చదువును అక్కడే వదిలేసి, 2007లో ఒక కారుతో తిరిగొచ్చాడు. జపాను నుంచి దిగిన పాత కారు. ఆరు సిలిండర్ల ఇంజను, ఆటోమేటిక్ గేర్లు, క్లచ్ ఉండదు. దాన్ని రేసుకు పనికొచ్చేలా బెంగుళూరు వర్క్‌షాపులో మార్పించాడు. నవంబరులో కడప బయట, ఇంకా బండ్లు వదలని కొత్త బైపాసు రోడ్డు మీద కార్ల పందెం పెడుతున్నారని విన్నాడు. రెండేసి కార్లు పక్కపక్కన నిలబడి, జెండా దిగగానే బయల్దేరి, నాలుగు వందల మీటర్లు ఎవరు ముందు దాటితే వాళ్లు గెలిచినట్టు. తిప్పడం లేదు, మలుపులు లేవు. నేరుగా పోవడమే. అంతకంటే సులువైన పని లోకంలో ఉండదని భూపేష్ అనుకున్నాడు.

సాధన చేయడానికి గనిలో రాయి నిల్వచేసే యార్డు పక్కనున్న చదునైన రోడ్డు ఎంచుకున్నాడు. వెంట కిరణ్‌కుమార్ అనే స్నేహితుడు. మైదుకూరులో నూనె మిల్లున్న వాళ్ల అబ్బాయి. స్టాప్‌వాచ్ పట్టుకోవడం, ప్రతిసారీ "సూపర్ మామా" అనడం అతని పని. కారు అరిచేది. ఒక్క క్షణం కదిలేది కాదు. తర్వాత వెనక చక్రాలు పొగలు కక్కుతూ తిరిగేవి. అప్పుడు కదిలేది. పదిహేడు సెకన్లకు తక్కువ ఎన్నడూ రాలేదు. భూపేష్ దిగి, కారునూ, బెంగుళూరు మెకానిక్కునూ, రోడ్డునూ వరసగా తిట్టేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం శేషన్న లోడర్ నీడలో కూర్చుని సంగటి తింటున్నాడు. భూపేష్ అటు వచ్చాడు.

"ఏమప్పా, నవ్వుతాండావు?"

"నవ్వలేదు. తింటాండా."

"నాకు కనపడింది. ఏందో చెప్పు."

"కారు బాగుండాది. తోలేటోనికే తెలీదు."

కిరణ్‌కుమార్ ముందుకొచ్చాడు. "ఈ బండి గురించి నీకేం తెలుసప్పా. టార్క్ కన్వర్టర్ మార్పిచ్చినాం. స్టాల్ మూడున్నర వేలు."

"స్టాల్ అంటే ఏంది?" అన్నాడు శేషన్న.

"అంటే... పవర్ ఎక్కువ."

శేషన్న చెయ్యి కడుక్కున్నాడు. తొందరపడలేదు. "ఇంజనుకూ గేర్లకూ మధ్యన నూనె నింపిన గుండు ఉంటాది. అది కన్వర్టర్. ఇంజను నూనెను తోస్తాది, నూనె గేర్లను తిప్పుతాది. నువ్వు గేరులో పెట్టి, బ్రేకు కదలకుండా తొక్కి, యాక్సిలరేటర్ అంతా తొక్కితే ఇంజను ఎంత తిరుగుడు కాడ నిలబడిపోతాదో అది స్టాల్. మా లోడర్‌ది రెండు వేల రెండు నూర్లు. నెలకోసారి చూస్తాం. మీది మూడున్నర వేలంటే అంతవరకూ లోపల నూనె జారతానే ఉంటాది. ఊరికే నిలబెట్టి ఒక్కసారిగా తొక్కితే ఇంజను అరుస్తాది, బండి ఆలోచిస్తాది, ఆమీట చక్రం కాలతాది. మూడు దినాల నుంచి అదే చేస్తాండావు."

"మట్టి ఎత్తే బండి తోలేటోడివి, నువ్వు నాకు నేర్పుతావా?"

"అడిగితివి, చెప్తి."

భూపేష్ కిరణ్‌కుమార్ వైపు చూసి కన్ను కొట్టాడు. "అయితే నువ్వే తోలు. చూస్తాం."

వాళ్లకు కాసేపు నవ్వుకోడానికి ఏదో ఒకటి కావాలి. శేషన్న లేచి కారు దగ్గరకు పోయాడు, కానీ ఎక్కలేదు. బానెట్ తీయమన్నాడు. గేర్ల నూనె చూసే కడ్డీ లాగి వాసన చూశాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లబడి, మాడిన కంపు కొడుతోంది.

"కాల్చి పెట్టినారు. నూనె మార్చండి. రేపు తోల్తా," అని లోడర్ ఎక్కాడు.

ఇంజనీరింగు రెండేళ్లు చదివినవాడికి ఆ కడ్డీ ఎక్కడుంటుందో అప్పటిదాకా తెలీదు.

మర్నాడు నూనె మార్చి తెచ్చారు. శేషన్న చెప్పులు బయట విడిచి ఉత్తికాళ్లతో కూర్చున్నాడు. నూనె ఎంత కాగిందో చూపించే మీటరు ఎక్కడని అడిగాడు. అట్లాంటిది లేదన్నారు. ఇంత ఖర్చు పెట్టి ఆ ఒక్కటీ పెట్టించని వాళ్లను ఒకసారి ఎగాదిగా చూసి తలుపు వేసుకున్నాడు.

ఎడమకాలు బ్రేకును అదిమిపట్టింది. కుడికాలు మెల్లగా దిగింది. ఇంజను తిరుగుడు చూపే మీటరు ముల్లు రెండు వేలు దాటింది, రెండున్నర వేలు దాటింది. కారు వెనక భాగం కొంచెం కుంగింది. ముల్లు మూడు వేలు చేరకముందే, తన కింద వెనక చక్రాలు బ్రేకును తోసుకుని కదలబోతున్నాయని అతనికి తెలిసింది. గుట్టలో బకెట్ గుచ్చినప్పుడు తెలిసేది కూడా అదే. అక్కడ నిలిపాడు. రెండు క్షణాలు. ఎడమకాలు లేచింది, కుడికాలు చివరికంటా దిగింది.

పొగ లేదు. చక్రాల అరుపు లేదు. కారు ఎవరో వెనకనుంచి నెట్టినట్టు పోయింది. పదిహేను సెకన్లు. ఇరవై మూడేళ్లుగా నడకకంటే కాస్త వేగంగా పోయే యంత్రం మీద బతికిన మనిషి, రోడ్డు చివర కారు ఆపి, వచ్చిన దారిని అద్దంలో చూసుకున్నాడు. తర్వాత వెనక్కి తిప్పాడు.

"వాచీ సరిగ్గా నొక్కలేదేమో," అన్నాడు కిరణ్‌కుమార్.

ఇంకో రెండుసార్లు తోలించారు. రెండుసార్లూ పదిహేనే.

ఆ తర్వాత పది రోజులు భూపేష్ మధ్యాహ్నాలు నేర్చుకోడానికి వచ్చాడు. శేషన్న పక్కసీట్లో కూర్చుని, రోడ్డు చూస్తూ చెప్పేవాడు. భూపేష్ ఎడమకాలికి క్లచ్ తొక్కడం తప్ప వేరే పని అలవాటు లేదు. బ్రేకును తన్నేవాడు, లేదా ఒక్కసారిగా వదిలేసేవాడు. "ఆ కాలు నీదేనా, ఎవురిదన్నా తెచ్చుకున్నావా?" అని శేషన్న అడిగాడు ఒకరోజు. భూపేష్ నేర్చుకున్నది స్టాల్ అనే మాట మాత్రమే. దాన్ని కనపడిన ప్రతివాడికీ వివరించేవాడు.

పందెం దగ్గరపడింది. ఉపాయం చెప్పింది కిరణ్‌కుమార్. హెల్మెట్ పెట్టుకుంటే లోపల ఎవరున్నారో తెలీదు, శేషన్న తోలుతాడు, పేరు భూపేష్‌ది. శేషన్న ఒక పూట గడిచాక సరేనన్నాడు.

ఇంట్లో భార్య రామలక్ష్మమ్మకు చెప్పాడు.

"వాని పేరు మీద నువ్వు తోల్తావా?" అంది ఆమె.

"పేరుదేముండాది."

"పేరుదేమీ లేకపోతే ఇంతకాలం వాళ్ల పేరెత్తితే ఎందుకు ఉమ్మినట్టు? నీకు ఆ కారు తోలాలనుండాది. అది చెప్పు."

అతను మోపెడ్ తుడవడానికి బయటికి పోయాడు.

పందెం జరిగే ఆదివారం బైపాసు మీద ఎనిమిది కార్లు వచ్చాయి. జెండా పట్టుకున్నది దాసన్న అనే వ్యాయామం టీచరు. భూపేష్ పేరు పిలిచినప్పుడల్లా, అడ్డంగా పెట్టిన వ్యానులో అతను దాక్కుంటే, అందులోంచి హెల్మెట్ పెట్టుకుని శేషన్న దిగి కారెక్కాడు. మొదటిసారి గెలిచాడు. రెండోసారి కూడా గెలిచాడు. వ్యానులోకి తిరిగొచ్చి హెల్మెట్ తీసినప్పుడు అతని ముఖంలో నవ్వు ఉంది. గనిలో ఆ ముఖం ఎవరూ చూసి ఉండరు.

చివరి పందానికి ముందు తిమ్మయ్య చుట్టాలను వెంటేసుకుని, రెండు కార్లలో వచ్చాడు. భూపేష్‌కు పౌరుషం పుట్టుకొచ్చింది.

"ఇది నేను తోల్తా. నాకొచ్చు ఇంక."

"రాదు," అన్నాడు శేషన్న.

"మా నాయన చూస్తాండాడు. హెల్మెట్ ఇయ్యి."

ఇచ్చాడు. "మూడు సెకండ్ల కంటే ఎక్కువ పట్టద్దు. కదలాల్సిన బండిని కదలనీకుండా పడితే ఆ బలమంతా నూనెను కాల్చేదానికే పోతాది," అని మాత్రం చెప్పాడు.

అవతలి కారు కర్నూలు నుంచి వచ్చిన మందుల షాపాయనది. గీత మీద సరిగ్గా నిలబెట్టడానికి ఆయన ముందుకూ వెనక్కూ జరుపుకుంటున్నాడు. భూపేష్ అప్పటికే రెండు కాళ్లూ అదిమి ఇంజను అరిపిస్తున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు విని ఇంకా అదిమాడు. పది సెకన్లు, ఇరవై, ముప్ఫై. దాసన్న చెయ్యి ఊపి ఆపమంటే అభినందిస్తున్నాడనుకున్నాడు. కారు కిందినుంచి తెల్లటి పొగ లేచింది. కాగిన నూనె రోడ్డు మీద చిమ్మింది. జెండా దిగింది. ఇంజను ఊరంతా వినపడేలా గర్జించింది, కారు మాత్రం నీళ్ల ట్యాంకరు లాగే ఎద్దులా నాలుగడుగులు వేసింది. యాభై మీటర్లు కూడా దాటలేదు. మందుల షాపాయన అవతలి గీత దాటి, కారు తిప్పుకుని, ఏమైందో చూద్దామని వెనక్కి వచ్చాడు.

ఓడిపోయినవాడు ఊరుకుని ఉంటే అంతటితో పోయేది. భూపేష్ హెల్మెట్ నేలకు కొట్టి, వ్యాను దగ్గర నిలబడ్డ శేషన్నను వేలుపెట్టి చూపించాడు.

"వీనివల్లే. ముందు రెండుసార్లూ వీనికిచ్చినా. మట్టిబండి తోలినట్టు తోలి ఆయిలంతా కాల్చి నాకిచ్చినాడు."

చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. దాసన్నకు పట్టలేదు.

"ముందు రెండుసార్లూ తోలింది నువ్వు కాదా?"

తిమ్మయ్య చుట్టాలు ఒక్కొక్కరే కార్ల వైపు నడిచారు. కిరణ్‌కుమార్ ఎటు పోయాడో కనపడలేదు. దాసన్న జాబితాలో భూపేష్ పేరు కొట్టేసి, రెండో బహుమతి ఇంకొకరికి ఇవ్వమన్నాడు. తర్వాత శేషన్న దగ్గరకొచ్చాడు.

"నువ్వేనా తోలింది?"

"నేనే."

"ఇంత బాగా తోలేటోడివి, ఆ పనికిమాలినోని పేరెందుకు తగిలించుకున్నావప్పా? నీ పేరు రాయిస్తే ఎవురన్నా వద్దంటిరా?"

దాసన్న జవాబు కోసం ఆగలేదు. ఆయన చూసిన చూపు శేషన్నకు బాగా తెలిసిన చూపు. లోడర్ మీద కూర్చుని ఇన్నేళ్లుగా తాను అందరినీ చూసింది అలాగే. అది తనమీద పడటం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి రామలక్ష్మమ్మతో, "అందరికంటే పెద్ద తిక్కలోన్ని నేనే," అన్నాడు. ఆమె కాదనలేదు. అన్నం పెట్టింది.

సోమవారం గనికి పోతే లోడర్ మీద వేరేవాడు కూర్చుని ఉన్నాడు. చిన్నయజమానికి క్షమాపణ చెప్పుకుంటే బండి ఇస్తామని సూపర్‌వైజర్ చెప్పాడు. శేషన్న ఆ మాట పూర్తయ్యేదాకా కూడా నిలబడలేదు. రోడ్డుకు అవతల ఉన్న ఇంకో గనిలో వారంలోపల చేరాడు. ముగ్గురాయికి గిరాకీ ఉన్న కాలం, టైర్లు కోసుకోని ఆపరేటర్‌ను ఎవరూ వదులుకోరు.

భూపేష్ మాత్రం ఆ కారులో తయారీ లోపం ఉందని ఊరంతా చెప్పుకున్నాడు. దాన్ని షెడ్డులో టార్పాలిను కప్పి పెట్టారు. ఏడాది తిరిగేసరికి అతను రాజకీయాల్లోకి వచ్చాడు. నాయకుల పుట్టినరోజులకు వేసే ఫ్లెక్సీల్లో, కింద కుడివైపు మూల, నల్లకళ్లద్దాలతో కనపడేవాడు. అందులో కూడా నిలబడటమే తప్ప కదలాల్సిన పని లేదు.

ఆ కారు షెడ్డుకు చేరకముందు, కాలిపోయిన కన్వర్టర్‌ను విప్పి చూసిన బెంగుళూరు వర్క్‌షాపాయన మాత్రం జరిగినదంతా విని, 2008 వేసవిలో శేషన్నను వెతుక్కుంటూ వచ్చాడు. తన దగ్గర పందెం కార్లున్నాయనీ, వచ్చి తోలమనీ అడిగాడు.

"మీ కార్లు ఎంతసేపు తోలాల?" అన్నాడు శేషన్న.

"మంచి కారయితే పన్నెండు సెకండ్లు."

"పన్నెండు సెకండ్ల పనికి ఇల్లూ వాకిలీ వదిలిపెట్టి అంతదూరం వస్తానా?"

ఆయన నచ్చజెప్పబోయాడు, వినలేదు. కానీ ఆయన పోయేముందు, ఆ కార్లకు నూనె వేడి చూపే మీటరు పెట్టించారా అని అడిగాడు. పెట్టించామన్నాడు ఆయన. శేషన్న తల ఊపి, ఆ పన్నెండు సెకండ్ల కారు ఎలాంటిది, వెనక చక్రాలెంత వెడల్పు, బ్రేకు ఎంతవరకూ పట్టి నిలబడుతుంది అని చాలాసేపు అడిగాడు. మధ్యాహ్నం లోడర్ ఎక్కాల్సిన టైము దాటిపోయింది. కొత్త గని సూపర్‌వైజర్ వచ్చి పిలిస్తే, "వస్తాండాలే," అని తిరిగి మాటల్లో పడ్డాడు.