ఇన్‌స్పెక్షన్ రోజు తెప్పించిన రిజిస్టర్

మొన్న మా రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఏదో బడిలో తల్లిదండ్రులు లేని పిల్లలను వరుసగా నిలబెట్టి, దండలు వేసుకున్న పెద్దమనుషులు తలా ఒక సంచి ఇస్తున్నారు. పిల్లలు నేల చూస్తున్నారు, పెద్దమనుషులు కెమెరా చూస్తున్నారు. గ్రూపులో అందరూ చప్పట్లు పెట్టారు. నాకు మాత్రం రోత పుట్టింది, ఆ పెద్దమనుషుల మీద కొంత, నా మీద ఎక్కువ.

నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు ఏడో తరగతి తెలుగు చెప్పే రోజుల్లో, కన్నవాళ్లు లేక ఇల్లిల్లూ మారుతూ తనదనే గడప కోసం వెతుక్కునే ఒక పిల్ల కథ, పిల్లల నవలే, చివరి పీరియడ్‌లో రోజుకింత చదివి వినిపించేవాణ్ణి. గంట కొట్టినా ఎవరూ లేచేవాళ్లు కాదు. అదంతా నా గొప్పే అనుకున్నాను. ఇంతలో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు గదా, గోడలకు సున్నం, పిల్లల తలలకు నూనె, సార్లకు వినయం, అన్నీ ఆ ఒక్క రోజుకే.

అధికారి పాఠం విని, ఇట్లాంటి పిల్లలు ఈ క్లాసులో ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేవలేదు. నాకేమో మంచి పేరు కావాలె. రెండో బెంచీ పిల్లను లేపాను. సిరిసిల్లలో మరమగ్గాల ఇంట పుట్టి, నెలల బిడ్డగా ఉన్నప్పుడే ఇక్కడ పిల్లలు లేని పెద్దమ్మ ఇంటికి పెంపకానికొచ్చిన పిల్ల. ఆ సంగతి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంది. పిల్లకు తెలుసో లేదో కనుక్కోవాలని మాత్రం బీఏ, బీఈడీ చదివిన నాకు తోచలేదు.

"నిన్ను కన్న అవ్వ ఎక్కడుందమ్మా?"

"ఇంటికాడ రొట్టెలు చేస్తుంది సార్," అని పిల్ల నవ్వింది. క్లాసంతా నవ్వింది. అధికారి నవ్వకుండా నా వైపు చూశాడు.

పొరబడ్డానంటే అక్కడితో అయిపోయేది. హెడ్మాస్టరు అటెండర్ని పంపి రిజిస్టర్ తెప్పించారు. నేనే పేజీ తీసి వేలు పెట్టి చూపించాను. అధికారి కన్నవాళ్ల పేర్లు వేరుగా, పెంచినవాళ్ల పేర్లు వేరుగా పైకి చదివాడు. ఉచ్చారణలో ఒక్క లోపం లేదు.

తెల్లారి ఆ పెంచిన తల్లి బడికొచ్చింది.

"పన్నెండేండ్లు కడుపుల పెట్టుకున్న సారూ. జర పెద్దగైనంక నేనే చెప్దామనుకున్న. మీరు ఒక్క పీరియడ్ల చెప్పేసిండ్రు. మస్తు చదువు చెప్తున్నరు."

నెల తిరగకముందే సజీవ ఉదాహరణతో పాఠం చెప్పినందుకు నాకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని చింపలేదు, చాలాకాలం దాచుకున్నాను కూడా. నవలలో మిగిలిన పేజీలు చదవలేదు. చదవమని ఎవరూ అడగలేదు.

మన కాలపు బడే బాగుండేదని, ఇప్పుడంతా మారిపోయిందని కలిసినప్పుడల్లా అనుకుంటాం. నేనూ తలూపుతాను. నా చేతుల మీదుగా మారింది మాత్రం నాకు ఒక్కటే తెలుసు. సాయంత్రం గేటు కాడ ఆ పెంచిన తల్లి పిలిస్తే "వస్తున్ననే అవ్వా" అని ఉరికే పిల్ల, ఆ రోజు నుంచి "వస్తున్న" అనేది, నడిచి వెళ్లేది.