గాలిమేడ దించిన మేస్త్రి

మందుల షాపు ముందు నలుగురు పోగైతే ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. పరంజా మేస్త్రి కూతురికి ఫ్లాటు రాయించుకుని, ఎవరూ చూడకుండా ఎక్కి గడలు పొట్టి చేశాడని. ఆ మాట నిజం కాదు. అందులో ‘ఎవరూ చూడకుండా’ అన్నది అసలే నిజం కాదు. పట్టపగలు, నేను కింద నిలబడి చూస్తుండగా చేశాడు. తలెత్తి చూసీ చూసీ నాకు మెడ పట్టేసింది కూడా. ఈ వీధిలో నేను చూడకుండా ఏదైనా ఎలా జరుగుతుంది? మా కోడలు కూడా ఈ ప్రశ్నే అడుగుతుంది, కాకపోతే వేరే గొంతుతో.

మేడ కట్టేటప్పుడు పనివాళ్ళు నిలబడడానికి చుట్టూ ఇనుప గొట్టాలతో చట్రం కడతారే, అదే పరంజా. మేస్త్రి కుర్రతనంలో తాళ్ళు మోయడానికి ఆ పనిలో చేరాడు, ఇప్పుడు మీసం నెరిసింది. ఈ నగరంలో ఎత్తుగా కనబడే మేడలు చాలావాటికి ముందు అక్కడికి ఎక్కినవాడు ఆయనే. గోడ లేవకముందే ఆ గోడ ఎత్తున గాలిలో నిలబడినవాడు. మేడ పూర్తయ్యాక తను కట్టిందంతా తనే విప్పుకుని, లారీకెక్కించుకుని వెళ్ళిపోతాడు. బతుకంతా కట్టాడు, కట్టినదాంట్లో ఒక్కటీ మిగల్లేదు. అలాగని ఆయన కట్టకుండా ఆ మేడలూ లేవలేదు. వీధి పిల్లలు ‘గాలిమేడల మేస్త్రి’ అంటారు. ఆయనా నవ్వుతాడు.

నేల మీద మాత్రం మహా భయస్థుడు. మా వాకిట్లో ఒక్క మెట్టు దిగడానికి గోడ పట్టుకుంటాడు.

“అదేమిటయ్యా, ఆకాశంలో పరుగులు తీసేవాడివి!” అన్నానొకసారి.

“పైన అన్నీ నేను బిగించినవే కదక్కా. ఈ మెట్టు ఎవరు కట్టించారో నాకేం తెలుసు?”

“మా ఆయన కట్టించారు.”

“అందుకే పట్టుకున్నాను” అన్నాడు.

మా వీధికి తూర్పున పాత ఐసు ఫ్యాక్టరీ ఉండేది. దాన్ని పడగొట్టాక మిగిలిన ఖాళీ స్థలంలో, చిన్న జీతాలవాళ్ళు భరించగలిగే ఇళ్ళు కడతామని మున్సిపల్ ఆఫీసువాళ్ళు ప్రకటించారు. ఆరంతస్తులట. ముందు వీధివాళ్ళ అభిప్రాయం అడుగుతామన్నారు. ఊరికే నోటిమాట నమ్మమనకుండా, నాలుగు మూలలా మేడ ఎత్తున గడలు నిలబెట్టి, పైన చుట్టూ తాడు లాగి చూపిస్తాం, చూసుకుని ఆదివారం చేతులెత్తండి అన్నారు. ఒక్క హామీ మాత్రం గట్టిగా ఇచ్చారు: మేడ మన వీధి నీళ్ళ ట్యాంకు తల దాటదని. ఆ గడలు నిలబెట్టే పని మన మేస్త్రికే వచ్చింది.

శుక్రవారం పొద్దున తలుపు తీసేసరికి తూర్పున ఆకాశంలో ఒక పెట్టె కనబడింది. గోడల్లేవు, కిటికీల్లేవు, గాలిలో గీసిన గీతలు, అంతే. ఆ గీతల మధ్యనుంచి పిట్టలు ఎగురుకుంటూ పోతున్నాయి. రేపు అక్కడ ఎవరిదో పడకగది ఉంటుంది కదా అనిపించింది. ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో, ఏ పసిపిల్ల ఏ మెట్ల మీద పడి లేస్తుందో! ఇంకా పుట్టని ఇల్లు ముందుగా వచ్చి మాకు ముఖం చూపించి నిలబడ్డట్టుంది. నోట్లో బ్రష్షు ఉన్న సంగతి మరిచిపోయి అలాగే నిలబడిపోయాను.

మందుల షాపాయనకి మాత్రం పిట్టలు కనబడలేదు, ట్యాంకు కనబడింది.

“పెద్దమ్మగారూ, చూశారా? తాడు ట్యాంకు తల దాటేసింది! దాటదన్నారు కదా! గాలిలోనే ఇంత దాటితే, రేపు ఇటుకల్తో ఎంత దాటిస్తారో!”

నిజమే. దాటింది. కొంచెమే కానీ దాటింది.

ఇక చూడండి. ఎండ పోతుందని ఒకరు, నీళ్ళు చాలవని ఇంకొకరు. ఎవరెవరో వచ్చి చేరతారని మరొకరు. “ఎవరెవరో అంటే?” అని అడిగాను. “ఎవరెవరో అంటే... ఎవరెవరో!” అన్నారు. పోనీ వాళ్ళ మాట వదిలేద్దాం. ‘పాపం, ఇళ్ళు లేనివాళ్ళకి కడితే మంచిదే’ అన్నవాళ్ళు కూడా ఎండెక్కేసరికి మాట మార్చారు. “ఇళ్ళొద్దని కాదమ్మా, అబద్ధాలాడేవాళ్ళు కట్టొద్దంటున్నాం” అన్నారు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. తాడు కళ్ళెదుట కనబడుతోంది.

మధ్యాహ్నం మనవరాలి గౌను చంక చిరిగిందన్న నెపంతో మేస్త్రి ఇంటికి వెళ్ళాను. గౌను నిజంగానే చిరిగింది, ఆ మాత్రం నిజాయితీ నాకుంది.

వాళ్ళిల్లు ఆ స్థలం పక్కనే. రెండు గదులు. ముందు గదిలో తూర్పు కిటికీ దగ్గర మేస్త్రి భార్య కుట్టుమిషను. వెనక గదికి అడ్డంగా దుప్పటి కట్టారు. ఇవతల మొగుడూ పెళ్ళాం, అవతల కూతురు, అల్లుడు, వాళ్ళ పిల్లలిద్దరూ. అల్లుడు దగ్గితే మామగారు దుప్పటి కిందనుంచి మంచినీళ్ళ గ్లాసు అందిస్తాడు, అంత దగ్గర కాపురాలు. కొత్త మేడలో ఒక ఇంటికోసం కూతురు ఎప్పుడో పేరు ఇచ్చింది. అదేమీ దాచిన సంగతి కాదు. మేడ లేస్తే మొట్టమొదట ఎండ పోయేది ఈ కిటికీకేనన్నదీ దాచిన సంగతి కాదు. ఆవిడకి చూపు మందగించింది. పొద్దుటి ఎండలోనే సూదికి దారం ఎక్కుతుంది, దీపం కింద ఎక్కదు. మేడ లేస్తే కూతురికి ఇల్లు, లేవకపోతే తల్లికి వెలుతురు. ఆ వారమంతా ఆ ఇంట్లో తల్లీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోలేదు.

“ఏమంటావు మరదలా?” అన్నాను, గౌను అందిస్తూ.

“నేనేమంటాను వదినా! గాల్లో కట్టేవాణ్ణి చేసుకున్నాను. తిరిగి తిరిగి నా కిటికీ ముందే కట్టాడు.”

“అమ్మా, నేనిక్కడే ఉన్నా, వినిపిస్తోంది” అంది దుప్పటి అవతలనుంచి కూతురు.

“వినిపించాలనే అన్నా.”

మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు, ఆ మాటలు తనకి కానట్టు.

“అది సరే, ఆ పైన ముక్కలెందుకు పొడుచుకొచ్చాయి?” అంది ఆవిడ కిటికీలోంచి చూస్తూ. “అక్కడ ఎవరైనా నిలబడి గోడ కడతారా ఏమిటి, పరంజాకి మల్లే?”

మేస్త్రి తలెత్తి చూశాడు. గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది. రెండో చెయ్యి మెల్లగా లేచి తన ఛాతీకి అడ్డంగా ఆనింది, కొలత చూసుకుంటున్నట్టు. గ్లాసు కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానని అడక్కండి, వెళ్ళకుండా ఎలా ఉండగలను?

గడ మొదట్లో నిలబడి పైకి చూస్తూ అన్నాడు: “అక్కా, నేను పరంజా కట్టేశాను.”

“నిన్ను కట్టమన్నదీ అదేగా?”

“కాదక్కా. మేడ ఎత్తు చూపించమన్నారు. పరంజా అయితే పై అంతస్తు దాటాక ఇంకో ఛాతీ ఎత్తు వదలాలి. పైన పనిచేసేవాడు వెనక్కి పడకుండా అడ్డం కట్టడానికి. ఇక్కడ పైన పనిచేసేవాడెవడు? ఎవడూ లేడు. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే వదిలేసింది. తాడు కూడా ఆ చివరే కట్టాను.”

అప్పుడు నాకు అర్థమైంది. ట్యాంకు తల దాటింది మేడ కాదు. ఎక్కడా లేని ఒక పనివాడు పడిపోకుండా ఈయన చెయ్యి వేసిన అడ్డం. వీధంతా కోపంతో ఊగిపోతున్నది ఆ ఛాతీ ఎత్తుని చూసి.

అక్కడికక్కడే ఆఫీసుకి ఫోను చేసి తప్పు తనదని చెప్పాడు. సరిచెయ్యమన్నారు. ఇంటికొచ్చి సంచీలోంచి రెంచి తీస్తుంటే భార్య మిషను ఆపింది.

“దించుతున్నావా?”

“దించకపోతే అందరూ వద్దంటారు. నీ కిటికీ నీకుంటుంది. దించితే... ఏమో.”

దుప్పటి అవతల అలికిడి ఆగిపోయింది. ఆవిడ చాలాసేపు సూది వైపే చూసింది.

“బూట్లు వేసుకుని ఎక్కు” అంది చివరికి. “ఉత్త కాళ్ళతో వెళ్ళకు.”

ఆయన ఎక్కడం అంత దగ్గరనుంచి చూడడం నాకదే మొదలు. మా మెట్టు దగ్గర గోడ పట్టుకునే మనిషేనా అనిపించింది. చేతులు వెతుక్కోవు, కాళ్ళు తడబడవు. నీళ్ళు పైకి పారుతున్నట్టు వెళ్ళిపోయాడు. చూస్తుండగానే పిట్టంత అయ్యాడు. నడుముకి తాడు కట్టుకుని, అడ్డం మీద వాలి, పై ముక్క విప్పి, చంటిబిడ్డని దించినట్టు తాడుతో కిందికి దించాడు. అలా నాలుగు మూలలా. తాడు కిందికి జరిగింది. ట్యాంకు తల మళ్ళీ బయటపడింది.

ఈలోగా జనం చేరారు. మందుల షాపాయన నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచాడు: “మేస్త్రీ! ఏ అంతస్తు రాయించుకున్నావు? గాలి బాగా వచ్చేదేనా?”

అందరూ నవ్వారు. మేస్త్రి తన పని చూసుకున్నాడు. పైనున్నప్పుడు కింది మాటకి బదులివ్వడు, పట్టు తప్పుతుందంటాడు. దిగాక జరిగింది జరిగినట్టు చెప్పాడు. నమ్మినవాళ్ళు తక్కువ. ఆఫీసు మనిషి వచ్చి టేపుతో కొలిచి, ఇదే సరైన ఎత్తని చెబితే, “టేపు కూడా వాళ్ళదేగా” అన్నారు.

“సరే, ఎత్తు ఒప్పుకుంటాను. నీడ సంగతేమిటి?” అన్నాడు మందుల షాపాయన. “గొట్టాలకేం నీడ ఉంటుంది?”

మేస్త్రి రెంచి సంచీలో వేసుకున్నాడు. “ఇంటికో దుప్పటి ఇవ్వండి, పైన కట్టి నీడ చూపిస్తాను” అన్నాడు.

శనివారం దుప్పట్లు పోగుచేసింది నేనే. అందరూ పాతవే ఇచ్చారు, ఆకాశంలోకి పోయేవాటికి మంచివి ఎవరిస్తారు! మేస్త్రి భార్య ఆ కిటికీ దగ్గరే కూర్చుని వాటినన్నిటినీ ఒకదానికొకటి కలిపి పొడుగ్గా కుట్టింది. సూదిలో దారం అయిపోయినప్పుడల్లా వెలుతురు వైపు తిప్పి ఎక్కించుకుంటూ, తన వెలుతురు ఎంత పోతుందో చూపించడానికి తనే కుట్టింది.

ఆదివారం గాలి లేదు. మేస్త్రి పైకెక్కి తాళ్ళు లాగాడు. వీధి దుప్పట్లన్నీ ఒక వరసలో లేచి ఆరో అంతస్తు అంచున నిలబడ్డాయి. పూలవి, చారలవి, మాసికలు వేసినవి. మందుల షాపాయన దుప్పటికి నడిమధ్య ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది, అది ఊరంతా చూసింది. కాసేపు అందరం ‘అదుగో మాది, అదుగో మీది’ అని నవ్వుకున్నాం. ఆ తర్వాత నీడ కదలడం మొదలయ్యేసరికి నవ్వులు ఆగిపోయాయి.

నీడ మొదట మా డాబాల మీద ఉంది, ఒక నల్లటి గీతలా. ఆ గీత దాకా మేడ నీడే అనుకోవాలి. పొద్దెక్కుతున్న కొద్దీ అది పిట్టగోడ దిగింది, తలుపుల మీదుగా జారింది, గుమ్మాలు దాటింది, వీధిలోకి వచ్చింది. జనమంతా దానితోపాటు ఒక్కో అడుగూ నడిచాం. ఎవరో పిలిచినట్టు, ఎవరినో సాగనంపుతున్నట్టు. ఎండ ఇంత మెల్లగా, ఇంత పద్ధతిగా మనిళ్ళకి వస్తుందని ఇన్నేళ్ళ బతుకులో నేను గమనించనే లేదు. పిల్లలు బడికి వెళ్ళే వేళకల్లా మా గుమ్మాలన్నీ ఎండలోకి వచ్చేశాయి. గీత మాత్రం వీధి దాటి, ఇంకా వెనక్కి వెనక్కి నడిచి, మేస్త్రి కిటికీ చేరేసరికి సూర్యుడు నడినెత్తి మీదున్నాడు.

అంటే పొద్దుటి ఎండ మొత్తం ఆ కిటికీకి ఇక లేనట్టే. అందరూ ఆ కిటికీ వైపే చూశారు. మందుల షాపాయన కూడా.

ఆఫీసు మనిషి గొంతు సవరించుకుని, “ఇళ్ళు కట్టొచ్చు అనేవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు.

మొదటి చెయ్యి ఆ కిటికీలోంచే లేచింది. వేలికి ఇంకా దారం చుట్టుకుని ఉంది. ఆ తర్వాత నాది. ఆ తర్వాత ఎవరివెవరివో, నేను చూడలేదు, నా కళ్ళు ఆ వేలి మీదే ఉన్నాయి. మందుల షాపాయన ఎత్తలేదు. “నాకింకా ఇష్టం లేదు” అని నిలబడి చెప్పాడు, అదీ మర్యాదే. కట్టడానికే ఎక్కువమంది ఒప్పుకున్నారు. మేస్త్రి మాత్రం పైన దుప్పట్ల తాళ్ళు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఏ వైపూ చెయ్యి ఎత్తలేదు.

అదే నన్ను నిద్రపోనివ్వలేదు. పునాదులు తవ్వుతున్న రోజుల్లో ఒక పొద్దున్న వెళ్ళాను. ఆయన కిటికీ ముందు స్టూలు మీద కూర్చుని, ఆ మోటు వేళ్ళతో సూదిలో దారం ఎక్కించడం నేర్చుకుంటున్నాడు. పక్కన భార్య, “అటు కాదు, తడి చేసుకో” అంటూ నవ్వుతోంది.

కిటికీకి ఎదురుగా నిలబడి అడిగేశాను. “తమ్ముడూ, నిజం చెప్పు. ఆ ఛాతీ ఎత్తు నీ పొరపాటని వీధిలో ఎవరూ కనిపెట్టలేదు. ఊరుకుంటే నీ ఇంటిదానికి వెలుతురు మిగిలేది. దించావు, మాటలు పడ్డావు. కూతురి కోసమేనా? అసలు నీ అభిప్రాయమేమిటి?”

ఆయన సూది మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

“మీరందరూ వద్దన్నా ఊరుకునేవాణ్ణక్కా. కానీ ఆ వద్దనేది మీరనాలి. నా చేతి అలవాటు అనకూడదు కదా” అన్నాడు. “కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు.”