మేడ కొనవచ్చిన లాడ్జి ఆసామి

నా చిన్నప్పుడు మేము కంకిపాడు దగ్గర, కాలవ పక్కన, ఒక పాత మేడ ఆవరణలో ఉండేవాళ్ళం. మేడ మాది కాదు. దాని వెనకున్న షెడ్డులో మా కాపురం. ఆ మేడకు బర్మా టేకుతో తలుపులు చెయ్యడానికి ఎప్పుడో మా ముత్తాతను పిలిపించారట. పని అయిపోయాక కూడా ఆయన్ని వెళ్ళనివ్వలేదు. తర్వాత మా దాదా, అంటే మా నాన్నకు నాన్న, అక్కడే వడ్రంగం చేసుకునేవాడు. మేడ యజమానిని ఊళ్ళో అందరూ మేడ తాతగారు అనేవారు.

తొంభైల మొదట్లో, ఒక వేసవిలో, ఆయన మేడ అమ్మకానికి పెట్టారు. కప్పు కురుస్తోంది. ఆయన భార్య మామ్మగారికి మోకాళ్ళు సహకరించడం లేదు. గుణదలలో మెట్లు లేని ఇల్లొకటి చూసుకున్నారు. ఆ కబురు విన్నప్పటి నుంచి మా షెడ్డులో ఎవరికీ అన్నం సహించలేదు. కొన్నవాడు పొమ్మంటే మేమెక్కడికి పోవాలి?

కొనడానికి వచ్చినవాడు గవర్నర్‌పేటలో లాడ్జి నడిపే ఆసామి. కారు దిగి వసారా ఎక్కుతూనే, ఉయ్యాల బల్ల మీద కూర్చున్న నన్ను చూశాడు.

"లే, లే! పనివాళ్ళ పిల్లలు కూర్చునే చోటా ఇది?"

లేచాను. అంతటితో ఊరుకున్నాడా? జేబులోంచి ఆకుపచ్చ గళ్ళ రుమాలు తీసి, నేను కూర్చున్నంత మేరా తుడిచి, అప్పుడు కూర్చున్నాడు. ఆ బల్ల మా దాదా చిత్రిక పట్టింది. ఇలాంటివి మర్చిపోవాలని నాకు చాలామంది చెప్పారు. ఎందుకు మర్చిపోవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

తర్వాత ఇల్లంతా తిరిగాడు. ఇంటి నడుమ ఆకాశం కనబడే మండువా మీద రేకులు వేయిస్తాడట. పెద్ద గదులకు ప్లైవుడ్ అడ్డం కొట్టించి ఒక్కోదాన్ని మూడు చేస్తాడట. "పాతకాలం ఇల్లు, కాలవ గాలి, ఇంటి భోజనం అని బోర్డు పెడితే చాలండీ, గెస్టులు వాళ్ళే వస్తారు," అన్నాడు. నోరు తెరిస్తే అతిథులు, మర్యాదలు. మామ్మగారు ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, తాగకుండా కిటికీలో పెట్టాడు.

మధ్యాహ్నం వేళకు గడపలోకి వచ్చినవాళ్ళు భోంచెయ్యకుండా వెళ్ళడం ఆ ఇంట్లో లేదు. ఆ రోజు తాతగారు మమ్మల్ని కూడా పిలిచారు. దాదా వెనకాడుతుంటే, "ఏం సాయిబూ, బతిమాలించుకుంటావా? మనవరాలిని కూడా తీసుకురా," అన్నారు. మండువా చుట్టూ ఉన్న వసారాలో వరసగా అరిటాకులు వేశారు. ముందు తాతగారు, తర్వాత దాదా, ఆ తర్వాత నేను, నా పక్కన లాడ్జి ఆసామి.

ఆసామి నా వైపు నుంచి తన ఆకు కాస్త జరుపుకున్నాడు. పప్పన్నం కలుపుతూ, దాదా అక్కడ లేనట్టే, తాతగారితో అన్నాడు: "వెనక షెడ్డు ఖాళీ చేయించి ఇవ్వాలండీ. కార్లు పెట్టుకోవడానికి ఆ జాగా పనికొస్తుంది."

దాదా చెయ్యి అన్నంలో ఆగిపోయింది. మామ్మగారు పెరుగు తీసుకొస్తుండగా ఆసామి ఆకు మడిచేసి లేచాడు. పంక్తిలో ఒకరు మధ్యలో లేస్తే మిగిలినవాళ్ళూ లేవాల్సి వస్తుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాదా లేవబోయాడు.

"నువ్వు కూర్చో. పిల్ల తినేదాకా ఇక్కడ ఎవరూ లేవరు," అన్నారు తాతగారు.

నా ఆకులో చిన్నరసం మామిడిపండు ఒకటి వేయించారు. అది అయ్యాక ఇంకొకటి. నాకు అంతా అర్థమైందని చెప్పను గానీ, కావలసినంత అర్థమైంది. టెంక మీద పీచు తెల్లబడేదాకా చీకాను. బయట వసారాలో ఆసామి చెప్పుల చప్పుడు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. తాతగారు నన్ను తొందరపెట్టలేదు. పైగా, "ఇంకోటి తింటావా అమ్మా?" అని అడిగారు. తింటానన్నాను.

చెయ్యి కడుక్కుని బయటికి వచ్చి, "మీకు ఇల్లు ఇవ్వడం లేదండీ," అన్నారాయన.

"రేటు చాలలేదాండీ?"

"రేటు బాగానే ఉంది. నలుగురికి అన్నం పెట్టే ఇల్లు చేస్తానంటున్నారు. నలుగురితో కూర్చుని తినడం మీకు రాదు."

"వ్యాపారం వేరు, పంక్తి భోజనం వేరండీ! కూలిందాకా ఉంచుకోండి అయితే!" అని కారెక్కాడు.

తాతగారిని వాళ్ళ చుట్టాలందరూ పిచ్చివాడన్నారు. మరో రెండు వానాకాలాలు మామ్మగారు కురిసే కప్పు కింద గిన్నెలు పెట్టుకుంటూ, ఆ మోకాళ్ళతోనే మెట్లెక్కారు. చివరికి ఒక డాక్టరమ్మకు తక్కువకే అమ్మారు. షెడ్డు జాగా మాత్రం ముందే దాదా పేర రాశారు. డాక్టరమ్మ నడిపే ఆ మేడలో ఇప్పుడు డబ్బిచ్చి దిగే అతిథులుంటారు. మండువాలో ఇప్పటికీ వాన పడుతుంది.

నేను మాత్రం గవర్నర్‌పేటలో ఆ లాడ్జి ఉన్న వీధిలోకి వెళ్ళను, చుట్టూ తిరిగైనా వేరే దారిన వెళతాను. పెళ్ళిళ్ళలో పక్కవాళ్ళు తింటుండగా చెయ్యి కడుక్కునేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో ఆఖరి మనిషి తినేదాకా నేను లేవను. ఆ ఆసామి ఎప్పుడైనా మా గడపలోకి వస్తే అన్నం పెడతాను. పక్కనే కూర్చుంటాను. మామిడిపళ్ళ కాలమైతే మరీ మంచిది.