అరగదీయని చింతగింజలు

తమిళనాడులో పాలకోడు దాటాక వచ్చే ఒక పల్లెలో, పంచాయతీ బడిలో, అప్పటికి పదకొండేళ్ళుగా నాలుగో తరగతి టీచర్ని నేను. బడికి రంగురంగుల పాఠం కార్డులు వచ్చిన కొత్తలో ఐదో తరగతికి టీచరుగా సేలం నుంచి ఒకావిడ వచ్చింది. వయసులో నాకంటే పదేళ్ళు చిన్న. ఆవిడను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళయ్యాక దాచడం ఎందుకు?

పిల్లల్లో చాలామందిది మాలాగే తెలుగిల్లు. అయినా బడిలో ఎవరి నోట తెలుగు వినబడినా వరండాలో నిలబడాలన్నది నేను పెట్టిన రూలు. తమిళంలో వెనకబడిపోతారని నా భయం. ఆవిడ తమిళావిడ. వచ్చిన వారానికే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, సుద్దముక్క మొదలు చెప్పుల దాకా ఒక్కొక్కటీ చూపించి, దీన్ని మీ ఇంట్లో ఏమంటారని అడిగేది. ఆవిడ తప్పుగా పలికితే వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. నా భాషలో ఆ పిల్లలు నవ్వగా నేను ఒక్కసారీ వినలేదు. పిల్లలు రోజూ నా బల్ల మీద పెట్టే కనకాంబరాలు కూడా గోడ అవతల ఆవిడ బల్ల మీదికి వెళ్ళిపోయాయి.

హెడ్మాస్టరు దగ్గరకు వెళ్ళి మొరపెట్టుకున్నాను. ఆయన ఎవరినీ నొప్పించే మనిషి కాదు. ఎలాగూ ఆ వారం పాఠం నియమాలు, ప్రజాస్వామ్యం కాబట్టి, రూలు ఉండాలో వద్దో పిల్లలనే ఓటెయ్యమందాం అన్నారు.

తలా ఒక చింతగింజ. బీరువా వెనక రెండు మట్టి చట్లు. ఒకదాని మీద ఉండాలి అని, రెండోదాని మీద వద్దు అని సుద్దతో రాశారు. ఒకరికి ఒకే ఓటని, దొంగ ఓటు పాపమని పిల్లలచేత వల్లె వేయించింది నేనే. ఆ నేనే పొద్దున ఇంట్లో చింతపండు పిసుకుతూ నాలుగు గింజలు కొంగున ముడేసుకున్నాను. చట్లు సరిచేస్తున్నట్టు బీరువా వెనక్కి వెళ్ళి, ఉండాలి చట్టిలో వేసేశాను. గెలవాలన్న దుగ్ధ తప్ప అప్పుడు నాలో ఇంకేమీ లేదు.

ముందు ఆ చట్టినే బోర్లించారు. తొమ్మిది గింజలు. ఐదు ఒకవైపు తెల్లగా, నాలుగు నున్నగా, నల్లగా.

"ఇవి ఎవురివి? మేమంతా అరగదీసినాము కదా!" అన్నాడు లెక్కపెడుతున్న పిల్లాడు. బడిలో కదా, అందరి మాటా తమిళంలోనే.

ముందురోజు సాయంత్రం పిల్లలు తమకు తామే ఇంకో రూలు పెట్టుకున్నారట. దాయం ఆటకు అరగదీసే గింజల్లా ఎవరి ఓటు వాళ్ళు వరండా రాతిమీద రుద్ది తేవాలి. ఓటు మాటకు నేను అలిగి ముందు బస్సుకే వెళ్ళిపోవడంతో నాకు తెలియలేదు.

అందరి కళ్ళూ చింతపండు వ్యాపారి కూతురి మీద పడ్డాయి. "నువ్వే వేసినావు. మీ ఇంట్లో మూటలు మూటలు ఉండాయి," అంది పక్కపిల్ల. ఆ పసిది నా తరగతిదే. "లేదు, నేను ఒకటే వేసినాను," అంది. కళ్ళు నిండాయి.

"దాన్ని అనొద్దండి. నేనే వేసినాను," అన్నాను.

అలవాటు లేని చోట, తెలుగే వచ్చింది నోట్లోంచి. లెక్కపెట్టేవాడు రెండో చట్టిని చూశాడు. అది ఇంకా బోర్లించలేదు. అంటే రూలు ఇంకా ఉంది.

"టీచర్, మీరు తెలుగులో మాట్లాడినారు," అన్నాడు భయంభయంగా.

లేచి వెళ్ళి వరండాలో నిలబడ్డాను. ఒక నిమిషం కూడా కాలేదు, ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది.

"నేనూ శానా మాట్లాడినాను అక్కా, రోజూ," అంది వచ్చీరాని తెలుగులో.

లోపల రెండో చట్టి బోర్లించారు. పదిహేడు. రూలు పోయింది. మమ్మల్ని లోపలికి తీసుకుపోవడానికి పిల్లలు కేకలేస్తూ పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు వచ్చింది ఆ చింతపండు వ్యాపారి కూతురు. దాని కోసమే చెయ్యి చాచాను. అది ఆవిడ చెయ్యి పట్టుకుంది.