సాంచలకు వేసిన తాళం

జగిత్యాలలో కంప్యూటర్ చదువు చదివిన నాకు సిరిసిల్ల షెడ్లంటే చిన్నచూపు. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. ఒక షెడ్డులో పది సాంచలకు పది చిన్న బోర్డులు బిగించాను. చీర అంచు డిజైన్‌ను వరుస వరుసగా చదివి, ఏ పోగులు లేవాలో చెప్పడం వాటి పని.

ఆ డిజైన్ గీసింది అక్కడే సాంచలు నడిపే పెద్దాయన. ముప్పై ఏళ్లు ఎవరెవరివో నేసి, మొదటిసారి సొంతంగా ఒకటి గీశాడు. నన్ను అడిగింది ఒక్కటే.

"ఎవ్వరు ఎత్తుకపోకుండ జూడు సార్."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను ప్రతి వరుసకూ రహస్య సంకేతాలతో తాళం వేశాను. బోర్డు దాన్ని తీసేదాకా సాంచ ఆగాలి. పది సాంచలూ నత్తనడక పట్టాయి. షెడ్డు సేటు వచ్చి, "తాళం కావాల్నా, సాంచ నడువాల్నా? ఏదో ఒక్కటి చెప్పు" అన్నాడు. డిజైన్ విలువ తెలియని మూర్ఖుడని మనసులో తిట్టుకుంటూనే, ఆ మూర్ఖుడు చెప్పినట్టే తాళం తీసేశాను. రెండు రోజులేనని పెద్దాయనకు నచ్చజెప్పాను. ఆ రెండు రోజులూ ఎవరైనా బోర్డులోంచి మెమరీ కార్డు లాగి ఫోన్‌లో పెట్టుకుంటే చాలు, డిజైన్ మొత్తం చేతికొస్తుంది.

మూడో రోజు నేను తల పట్టుకుని కూర్చుంటే పెద్దాయనే అన్నాడు.

"కండె అయిపోతే సాంచ ఎట్లయిన ఆగుతది గద సార్. నీ తాళం గప్పుడే తీస్కోరాదు?"

పేక నూలు చుట్టిన కండె మార్చే ఆ కాస్త సేపట్లో, కొత్త కండెకు సరిపడా వరుసలే బోర్డు తెరుచుకునేలా మార్చాను. దొంగ చేతికి చిక్కినా చిక్కేది జానెడు అంచే. వేగం పిసరంత తగ్గలేదు. సేటు ముందు మాత్రం ఆ ఉపాయం నాదేనన్నట్టు మాట్లాడాను. సిగ్గులేని నోరు.

నెల తిరగకుండానే కోరుట్లలో ఒక బట్టల దుకాణంలో ఆ అంచే కనిపించింది, పలుచటి చీరల మీద, గుట్టగా. మా చీరలు ఇంకా షెడ్డు గడప దాటలేదు. ఆ రెండు రోజుల్లోనే పోయిందని అర్థమై నా మీద నాకే అసహ్యం వేసింది. ఒక చీర కొని తెచ్చి పెద్దాయన ముందు పెట్టాను.

ఆయన అంచును వేలితో తడిమి చూశాడు.

"మంచిగనే నేసిన్రు" అన్నాడు. నా మొహం చూడకుండానే అడిగాడు. "ఇగ మన చీర బజార్లకచ్చినంక, నేనే కాపీ గొట్టిన్నంటరు గద సార్?"