గురుగ్రహం మీద ఒక్క మెరుపు

కళ్ళజోళ్ళాయనకు పిచ్చి లేదని వాదించేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. పొద్దస్తమానం దుకాణంలో జనం కళ్ళకు అద్దాలు బిగించి, చీకటి పడగానే డాబా ఎక్కి తన కన్ను టెలిస్కోపుకు అప్పగించేవాడు. అదీ ఏ చందమామ కోసమో అయితే సరే అనుకోవచ్చు. ఈయనకు గురుగ్రహమే కావాలి. అంత పెద్ద గ్రహం కదా, దారినపోయే తోకచుక్కల్నీ రాళ్ళనీ తన వైపు లాక్కుంటుందట. అలా ఒకటి వచ్చి గుద్దుకుంటే రెండు క్షణాలు తెల్లగా మెరుస్తుందట. ఆ రెండు క్షణాల కోసం, మహానుభావుడు, జుట్టంతా నెరిసేదాకా కాపలా కాశాడు.

"ఆ రాయేదో మన డాబా మీద పడ్డా బాగుండు, పీడా వదిలేది!" అని భార్య మొదట్లో దెప్పేది. దెప్పుతూనే పైకి టీ మోసుకెళ్ళేది.

"పడిన రోజున మొదట నీకే చూపిస్తాలే," అని ఆయన మాటిచ్చాడు.

తర్వాత ఆమె గుండె పాడైంది. మెట్లెక్కడం మాట దేవుడెరుగు, మంచం దిగడమే గగనమైంది. డాక్టరు ఆయన్ని వరండాలోకి పిలిచి, వచ్చే వానాకాలం ఆమె చూడకపోవచ్చని చెప్పాడు. ఆ మాట ఆయన కడుపులోనే దాచుకున్నాడు.

ఊరికే పడుకుంటే ఆమెకు తోచదు. అందుకని ఒక పని అప్పగించాడు. టెలిస్కోపుకు తగిలించిన కెమెరా తీసిన వీడియోలన్నీ కలిపి కంప్యూటరు ఒక్క చక్కటి ఫొటో చేస్తుంది. వీడియోలు బోలెడు చోటు తింటాయి కాబట్టి, ఫొటో అయ్యాక పొద్దున్నే వాటిని తుడిచెయ్యాలి. ఆ పని ఆమెది. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, గిన్నెలు తోమినంత శ్రద్ధగా చేసేది. ఒక్కటే నియమం. తీసేటప్పుడు ఆయన తెర మీద చూసినవే తుడవాలి. ఆయన పక్కన లేనప్పుడు నడిచిన వీడియో ఏదైనా ఉంటే విడిగా ఉంచమని చెబుతాడు, తర్వాత కూర్చుని చూస్తాడు. ఎందుకంటే కలిపిన ఫొటోలో అంత చిన్న మెరుపు ఆనవాలు లేకుండా పోతుంది.

ఒక సాయంత్రం కింది నుంచి ఆమె పిలుపు వినిపించింది. కెమెరాని దాని మానాన వదిలేసి, పడుతూ లేస్తూ మెట్లు దిగాడు. ఆమెకు ఊపిరి ఆడడం లేదు. దిండ్లు ఎత్తుపెట్టి, మాత్ర వేసి, వీపు రాస్తూ కూర్చున్నాడు. మెల్లగా తేరుకుంది. ఆ కంగారులో విడిగా ఉంచమని చెప్పడం ఆయనకు గుర్తే లేదు. పొద్దున్నే ఆమె తన పని తాను చేసేసింది.

అదే రోజు సాయంత్రం మళ్ళీ వీడియోలు తీసి కిందికి వచ్చాక, మరో దేశంలో ఇదే పిచ్చి ఉన్న మిత్రుడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నిన్న గురుడి మీద పడింది! నాకు దొరికింది! కానీ నా ఒక్కడిదే అయితే కెమెరా లోపమని కొట్టిపారేస్తారు. ఆ టైముకి మీరూ తీస్తుంటారుగా, ఒక్కసారి చూడండి."

టైము అడిగి లెక్క చూసుకున్నాడు. తను ఆమె వీపు రాస్తూ కూర్చున్నది అప్పుడే. తుడిచినవి వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేరు ఏదో పెట్టి వెతికాడు. వాటి చోట్లో కొత్త వీడియోలు కూర్చున్నాయి. మిగిలిన ఫొటోలో గురుగ్రహం ఏమీ ఎరగనట్టు నున్నగా ఉంది.

మిత్రుడు తన వీడియో పంపాడు. గ్రహం అంచున తెల్లటి చుక్క ఒకటి వెలిగి ఆరింది. అబ్బ, ఎంత బాగుందో! ఆమెకిచ్చిన మాట తీరడానికి అదైనా చాలు. కానీ చూపిస్తే ఆమె ఊరుకుంటుందా? ఎప్పుడు పడిందంటుంది, మరి మనదేదంటుంది. చేతులారా తుడిచేశానని, పైగా తను పిలవబట్టే ఆయన కిందికి వచ్చాడని, ఉన్న నాలుగు రోజులూ కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంది. తప్పు తనదేనని ఆయన నెత్తీనోరూ బాదుకున్నా వినదు. ఆయనకు తెలియదా ఆమె సంగతి!

మిత్రుడికి తన దగ్గర లేదని చెప్పేశాడు. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు.

పొద్దున్నే ఆమె ల్యాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుంది.

"ఏవండీ, ఏమైనా పడిందా?"

"ఏదీ... లేదు."

"మీ మాట నమ్ముకుంటే ఇంతే. నేను పోయాక పడుతుంది చూడండి!" అని నవ్వింది. నవ్వుకే ఆయాసం వచ్చింది. కాసేపు ఆగి, "సరే, నిన్నటివి తుడిచెయ్యనా?" అంది.

"తుడిచెయ్యి," అన్నాడు. మిత్రుడు పంపిన వీడియోని ఆయన అప్పటికే తన ఫోన్లోంచి తుడిచేశాడు.